వేగం లైబ్రరీదా, కనెక్షన్‌దా?

గత సంచికలో వెబ్ సర్వీసులను పిలిచే క్లయింట్ లైబ్రరీల గురించి రెండు పేరాలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు చాలాకాలంగా రాలేదు. సగం మంది అడిగింది ఒకటే: ఏది వేగం, ఏది తక్కువ మెమరీ తింటుంది? మన ప్రోగ్రాం తరఫున ఎక్కడో ఉన్న సర్వర్‌తో మాట్లాడి, వచ్చిన జవాబును విప్పి మన చేతికిచ్చే కోడ్ మూటే క్లయింట్ లైబ్రరీ. ఈసారి పేజీలన్నీ దానికే. పన్ను లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా సంస్థలో పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం ఒకటి రోజంతా భాగస్వామి సంస్థ వెబ్ సర్వీసును పిలుస్తూ ఉంటుంది. ఇప్పుడు రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడుతున్నాం. అదే పని చేసే హెచ్‌టీటీపీఎక్స్ లైబ్రరీతో పోల్చి చూద్దామని రెండింటితోనూ లూప్‌లో వెయ్యేసి పిలుపులు పెట్టి సమయం కొలిచాను. రిక్వెస్ట్స్‌కు పట్టిన సమయంలో మూడో వంతులోనే హెచ్‌టీటీపీఎక్స్ పని ముగించింది. కోడ్ జత చేస్తున్నాను. మా టీం లీడ్ ఈ వారమే మార్చేద్దామంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మాదాపూర్, హైదరాబాద్

జవాబు: ఆగండి. కోడ్ జత చేసి మంచి పని చేశారు, జవాబు అందులోనే ఉంది. రిక్వెస్ట్స్ వైపు లూప్ లోపల ప్రతిసారీ నేరుగా గెట్ ఫంక్షన్‌ను పిలిచారు. హెచ్‌టీటీపీఎక్స్ వైపు మాత్రం లూప్‌కు బయటే ఒక క్లయింట్ ఆబ్జెక్టును తయారు చేసుకుని, లోపల దాన్నే మళ్లీ మళ్లీ వాడారు. నేరుగా పిలిచే గెట్ ఫంక్షన్ ప్రతిసారీ కొత్త సెషన్ (కనెక్షన్‌ను పట్టి ఉంచే ఆబ్జెక్టు) తెరిచి, పని కాగానే మూసేస్తుంది. అంటే ఒకవైపు వెయ్యి కనెక్షన్లు, రెండోవైపు ఒక్కటి. మీరు పోల్చింది లైబ్రరీలను కాదు, కనెక్షన్ తెరవడాన్ని తెరవకపోవడంతో పోల్చారు. హెచ్‌టీటీపీఎక్స్‌లోనూ నేరుగా పిలిచే గెట్ ఉంది, అదీ ప్రతిసారీ కొత్త కనెక్షనే తెరుస్తుంది. వాటిని తారుమారు చేసి రాసి ఉంటే రిక్వెస్ట్స్ గెలిచేది, మీ టీం లీడ్ ఇంకోలా తొందరపడేవారు.

కనెక్షన్ తెరవడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేద్దాం. మీ యంత్రం నుంచి సర్వర్‌కు ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి 25 మిల్లీసెకన్లు అనుకోండి. రెండు యంత్రాలను కలిపే టీసీపీ పద్ధతిలో చేతులు కలపడానికి ఒక రానుపోను. ఆ తర్వాత మాటలను రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ పద్ధతి 1.2 అయితే తాళాలు మార్చుకోవడానికి రెండు, 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 అయితే ఒకటి. అసలు అడగాల్సిన మాట నోటినుంచి రాకముందే 75 లేదా 50 మిల్లీసెకన్లు పోయాయి. అడగడానికి, జవాబు రావడానికి ఇంకో 25, సర్వర్ ఆలోచించే సమయం అదనం. సెషన్ ఒకటి తెరిచి ఉంచుకుంటే మొదటి పిలుపు తర్వాత ఆ ముందు ఖర్చంతా మాయమవుతుంది. మీ మూడో వంతు అక్కడి నుంచి వచ్చిందే.

ఇలా ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిచే అలవాటుకు ఇంకో శిక్ష కూడా ఉంది. అది వెయ్యి పిలుపుల పరీక్షలో కనబడదు, అసలు వాడకంలో సాయంత్రం రద్దీ వేళ కనబడుతుంది. కనెక్షన్‌ను ముందుగా మూసిన పక్షం ఆ పోర్టును (యంత్రం ఒక్కో కనెక్షన్‌కు కేటాయించే సంఖ్యను) కొంతసేపు పక్కన పెట్టాలి. లినక్స్‌లో అది 60 సెకన్లు. మామూలుగా లినక్స్ బయటి కనెక్షన్లకు వాడుకునే పోర్టులు 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. భాగించి చూడండి: వేరే యంత్రంలో ఉన్న ఒకే సర్వర్‌కు, ఒకే పోర్టుకు సెకనుకు 470కి మించి కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోతే ఒక నిమిషంలో పోర్టులు అయిపోతాయి. అప్పుడు వచ్చే లోపం సందేశంలో లైబ్రరీ పేరు ఉంటుంది కాబట్టి తిట్లు లైబ్రరీకే పడతాయి.

కోడ్ సరిచేశాక మళ్లీ కొలిచేటప్పుడు రెండు గడియారాలు పెట్టండి. పైథాన్‌లో పెర్ఫ్ కౌంటర్ గోడ గడియారం, ప్రాసెస్ టైం మీ ప్రోగ్రాం ప్రాసెసర్‌ను వాడుకున్న సమయం. ఒక పిలుపు మొత్తం 200 మిల్లీసెకన్లు తీసుకుని, అందులో ప్రాసెసర్ సమయం 3 మిల్లీసెకన్లే అయిందనుకోండి. ప్రపంచంలోకెల్లా వేగవంతమైన లైబ్రరీ తెచ్చిపెట్టినా మీకు మిగిలేది ఆ 3లో కొంత భాగమే. మిగతా 197 మీ చేతిలో లేవు, లేదా కనెక్షన్ అమరికలో ఉన్నాయి. లైబ్రరీ మార్పిడి గురించి ఎవరు మీటింగ్ పెట్టినా నేను ముందు అడిగేది ఈ రెండు అంకెలే. చాలా మీటింగులు అక్కడితో ముగుస్తాయి.

పోలిక నిజంగా సమానంగా ఉండాలంటే ఇంకొకటి చూసుకోండి: రెండూ సర్వర్‌ను ఒకటే అడుగుతున్నాయా? రిక్వెస్ట్స్, హెచ్‌టీటీపీఎక్స్ రెండూ జవాబును జిప్ చేసి పంపమని తమంతట తామే అడుగుతాయి. పైథాన్‌తో పాటే వచ్చే యూఆర్ఎల్‌లిబ్ అడగదు. మూడింటినీ పోల్చితే ఒకటి మొత్తం మూటను మోసుకొస్తుంటే, మిగిలినవి కుదించిన మూట తెచ్చుకుని విప్పుకుంటాయి. నెమ్మది నెట్‌వర్క్‌లో జిప్ గెలుస్తుంది, ఒకే యంత్రం లోపల పరీక్షిస్తే జిప్ విప్పే పనే భారమై ఓడుతుంది. హెడర్లన్నింటినీ (పిలుపుకు ముందు వెళ్లే వివరాల వరుసలను) ఒకసారి అచ్చు వేసి పక్కపక్కన పెట్టి చూసిన తర్వాతే గడియారం నొక్కండి.

ప్రశ్న: అమ్మా, నేను ఇంజనీరింగ్ చివరి ఏడాది విద్యార్థిని. జావాలో మూడు హెచ్‌టీటీపీ క్లయింట్లను పోల్చడం నా ప్రాజెక్టు. మొదటి కొన్ని పిలుపులు చాలా నెమ్మది, తర్వాత వేగం పెరుగుతోంది. ఏ అంకె రాయాలి? పైగా 50 థ్రెడ్లతో (ఒకేసారి నడిచే 50 పనులతో) చేస్తే అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ ఘోరంగా వెనకబడుతోంది. ఎందుకు?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, అది మీ ప్రాజెక్టును తప్పుదారి పట్టించేది.

అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ నాలుగో తరం వెర్షన్లలో కనెక్షన్ల గుంపును మీరేమీ చెప్పకుండా వదిలేస్తే, ఒక సర్వర్‌కు 2 కనెక్షన్లు, మొత్తం మీద 20 మాత్రమే ఇస్తుంది. ఐదో తరంలో అవి 5, 25 అయ్యాయి. మీది నాలుగో తరమైతే 50 థ్రెడ్లలో 48 వరుసలో నిలబడి ఉన్నాయి. ఒక్కో పిలుపుకు 100 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే 2 కనెక్షన్లతో సెకనుకు 20 పిలుపులకు మించి జరగవు, కోడ్ ఎంత గొప్పగా రాసినా సరే. కనెక్షన్లు 50 ఇస్తే అదే లైబ్రరీ సెకనుకు 500 చేయగలదు. మరో జావా క్లయింట్ ఓకే హెచ్‌టీటీపీకి కూడా ఇలాంటి హద్దే ఉంది: అసమకాలికంగా (జవాబు కోసం ఆగకుండా) పంపే పిలుపుల్లో ఒక సర్వర్‌కు ఏకకాలంలో 5, మొత్తం 64. జావా 11లో వచ్చిన సొంత హెచ్‌టీటీపీ క్లయింట్ అయితే మీరు చెప్పకపోయినా హెచ్‌టీటీపీ/2కే మొగ్గు చూపుతుంది, ఒకే కనెక్షన్‌లో అనేక పిలుపులు పంపగలదు. పైగా అది జిప్ అడగదు, వచ్చినా విప్పదు. ఓకే హెచ్‌టీటీపీ మీకు తెలియకుండానే రెండూ చేస్తుంది. మీ మూడు క్లయింట్లు మూడు వేర్వేరు పనులు చేస్తుంటే వేగం పట్టికకు అర్థమేముంది? ముందు కనెక్షన్ల సంఖ్య, హెచ్‌టీటీపీ వెర్షన్, జిప్ మూడూ సమానం చేయండి. కావాలంటే ఏమీ మార్చకుండా వదిలేసినప్పటి ఫలితాలను వేరే పట్టికగా ఇవ్వండి. అదీ ఉపయోగమే, ఎందుకంటే చాలామంది ఏమీ మార్చరు.

ఇక మొదటి పిలుపుల సంగతి. జావా యంత్రం మొదట కోడ్‌ను ఒక్కో ఆదేశంగా చదువుతూ నడిపి, పదేపదే వాడే భాగాలను మధ్యలో యంత్రభాషలోకి మార్చుకుంటుంది. ఆ వేడెక్కే దశను పక్కన పెట్టి కొలవాలి. దీనికి ఓపెన్ జేడీకే వారి కొలత పనిముట్టు జేఎంహెచ్ వాడండి, సొంత లూప్ వద్దు. అది వేడెక్కించే విడతలు, కొలిచే విడతలు వేరుగా నడుపుతుంది, మామూలుగానే 5 కొత్త జావా ప్రాసెస్‌లలో పరీక్షను తిరగ చేస్తుంది. దానిలోని జీసీ ప్రొఫైలర్ ఒక్కో పిలుపుకు ఎన్ని బైట్లు కేటాయించారో చెబుతుంది. మెమరీ అధ్యాయానికి నాకు తెలిసినంతలో అంతకంటే నమ్మకమైన అంకె లేదు, ఎందుకంటే చెత్త సేకరణ (జీసీ, అంటే వాడకం అయిపోయిన మెమరీని వెనక్కి తీసుకోవడం) ఎప్పుడు జరిగిందన్న దానితో అది మారదు.

అయితే మీ ప్రోగ్రాం రోజుకోసారి లేచి పది పిలుపులు చేసి పడుకునే రకమైతే వేడెక్కిన అంకెలు ఎవరికీ పనికిరావు. అప్పుడు ఆ నెమ్మది పిలుపులే అసలు ఫలితం. మీ పరీక్షకులు ఈ ప్రశ్న వేస్తారు, సిద్ధంగా ఉండండి.

సర్వర్ మీదే అయి ఉండాలి. ఎవరిదో నడుస్తున్న సైటు మీద 50 థ్రెడ్లు వదలడం మర్యాద కాదు, ఫలితమూ నిలకడగా ఉండదు. ఎప్పుడూ ఒకే జవాబిచ్చే చిన్న సర్వర్ చాలు. రెండో ల్యాప్‌టాప్ దొరికితే సర్వర్ అందులో పెట్టండి, లేకపోతే రెండూ ఒకే ప్రాసెసర్ కోసం కొట్టుకుంటాయి. దూరం అనుకరించాలంటే లినక్స్‌లో నెట్ఎమ్ ఉంది. ఒక చిక్కు చెబుతాను: సొంత యంత్రం లోపలి లూప్‌బ్యాక్ మీద 20 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే అది వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పడుతుంది, మొత్తం 40 అవుతుంది. నివేదికలో 20 అని రాసేసి తర్వాత అంకెలు కుదరక తలపట్టుకునేవారిని చూస్తుంటాను.

మూడు క్లయింట్లనూ ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా నడపకండి, కలిపి మార్చి మార్చి నడపండి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చివర నడిచిన లైబ్రరీ ఆ ఎండకు బలవుతుంది.

ప్రశ్న: మేడమ్, మా సర్వీసు పైథాన్‌లోని జీప్ లైబ్రరీతో ఒక సోప్ సర్వీసును (ఎక్స్ఎంఎల్ రూపంలో మాట్లాడేదాన్ని) పిలుస్తుంది. పైథాన్‌లో మెమరీ లెక్కపెట్టే ట్రేస్‌మాలక్‌తో చూస్తే మెమరీ చాలా తక్కువ చూపిస్తోంది. కానీ పెద్ద నివేదిక వచ్చినప్పుడల్లా కంటైనర్ (ప్రోగ్రాంను మెమరీ హద్దు పెట్టి నడిపే పెట్టె) 137 అనే అంకెతో ఆగిపోతోంది. లీక్ (పని అయిపోయినా తిరిగి ఇవ్వని మెమరీ) ఉందా? కోడ్ పంపుతున్నాను.
– తెలుగు పాఠకుడు, బెంగళూరు

జవాబు: 137 అంటే 128కి 9 కలిపితే వచ్చింది. తొమ్మిదో సంకేతం పంపి ప్రాసెస్‌ను చంపేశారని అర్థం. మీ వర్ణనను బట్టి చూస్తే మెమరీ హద్దు దాటినందుకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెలే చంపి ఉంటుంది. ట్రేస్‌మాలక్ అబద్ధం చెప్పలేదు, దానికి కనిపించినంతే చెప్పింది. అది పైథాన్ తన సొంత పద్ధతిలో కేటాయించుకున్న మెమరీనే లెక్కపెడుతుంది. జీప్ ఎక్స్ఎంఎల్‌ను ఎల్‌ఎక్స్ఎంఎల్ ద్వారా విప్పుతుంది, దాని లోపల ఉన్నది సీ భాషలో రాసిన లిబ్‌ఎక్స్ఎంఎల్2. ఎక్స్ఎంఎల్ చెట్టు మొత్తం ఆ సీ మెమరీలో పెరుగుతుంది, ట్రేస్‌మాలక్ కంటికి ఆనదు. ఇలాంటి పనిముట్టుతో శుద్ధ పైథాన్ లైబ్రరీని, సీ లైబ్రరీని పోల్చి రెండోది పొదుపరి అని తీర్పిచ్చిన పట్టికలు చాలానే తిరుగుతున్నాయి. వాటిని నమ్మకండి.

చంపే కెర్నెల్ ఏ అంకె చూస్తుందో దానికి దగ్గరి అంకెనే మీరూ చూడండి. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్ స్థితి ఫైలులో వీఎం హెచ్‌డబ్ల్యూఎం అనే వరుస ఉంటుంది: ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి అసలు మెమరీలో ఎంత గరిష్ఠంగా ఆక్రమించిందో అది. పైథాన్‌లోంచే కావాలంటే రిసోర్స్ మాడ్యూల్‌లో మాక్స్ ఆర్ఎస్ఎస్ ఉంది. అదే అంకె లినక్స్‌లో కిలోబైట్లలో వస్తుంది, మ్యాక్‌లో బైట్లలో. సగం జట్టు మ్యాక్‌లోనూ సగం లినక్స్‌లోనూ పనిచేసే చోట ఈ తేడాతో వెయ్యి రెట్ల లీక్‌లు పుడుతుంటాయి.

గరిష్ఠం ఒకసారి పైకి వెళ్తే దిగిరాదు కాబట్టి ఒక్కో పరీక్షకు కొత్త ప్రాసెస్ తెరవండి. లైబ్రరీని దిగుమతి చేసుకుని ఏమీ చేయకుండా ఉన్నప్పటి అంకె కూడా ఒకటి రాసుకోండి. కొన్ని లైబ్రరీల ఖర్చులో పెద్ద భాగం అక్కడే ఉంటుంది.

ఇక లీక్ సంగతి. మీరు పంపిన కోడ్‌లో ప్రతి పిలుపుకూ కొత్త జీప్ క్లయింట్ ఆబ్జెక్టు తయారవుతోంది. అంటే ప్రతిసారీ సర్వీసు వివరణ ఉండే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలును, అది రప్పించే స్కీమా ఫైళ్లను మళ్లీ తెచ్చుకుని, చదివి, రకాలన్నీ కట్టుకుంటోంది. క్లయింట్‌ను ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారే తయారు చేసి ఉంచుకోండి. వేగం, మెమరీ రెండూ ఒకేసారి బాగుపడతాయి. జావాలో సోప్ కోసం అపాచీ సీఎక్స్ఎఫ్ వాడేవారికీ ఇదే మాట: సర్వీసు తరఫున నిలిచే ప్రాక్సీ తయారీ, దాని వెనక ఎక్స్ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జాక్స్‌బీ కాంటెక్స్ట్ తయారీ ఖరీదైనవి. కాంటెక్స్ట్‌ను థ్రెడ్లన్నీ పంచుకోవచ్చు, ఆబ్జెక్టును ఎక్స్ఎంఎల్‌గా రాసే మార్షలర్‌ను మాత్రం పంచుకోకూడదు.

పెద్ద నివేదిక వచ్చినప్పుడు పడిపోవడం మాత్రం లీక్ కాదు, ఒకే సమాచారం ఒకేసారి అనేక రూపాల్లో మెమరీలో నిలబడటం. నెట్‌వర్క్ నుంచి వచ్చిన బైట్లు ఒక కాపీ. వాటిని విప్పి కట్టిన ఎక్స్ఎంఎల్ చెట్టు రెండోది, అది బైట్ల కంటే చాలా పెద్దది. ఆ చెట్టు నుంచి జీప్ తయారు చేసే పైథాన్ ఆబ్జెక్టులు మూడోది. మధ్యలో ఎవరో లాగ్ కోసం టెక్స్ట్ అడిగితే నాలుగోది. నివేదికలో పీడీఎఫ్ కూడా ఇరికించి పంపుతుంటే అది బేస్64 రూపంలో వస్తుంది, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి. ఆ ఒక్క పెద్ద పిలుపుకు జీప్‌ను పక్కన పెట్టండి. అభ్యర్థనను నేరుగా రిక్వెస్ట్స్‌తో స్ట్రీమ్ పద్ధతిలో పంపి, వస్తున్న ప్రవాహాన్ని ఎల్‌ఎక్స్ఎంఎల్ ఇటర్‌పార్స్‌కు ఇచ్చి, ఒక్కో రికార్డు చదవగానే దాన్ని ఖాళీ చేస్తూ పోండి. ఖాళీ చేయడంతో సరిపెట్టకండి, తల్లి మూలకం నుంచి కూడా తొలగించండి. లేకపోతే లక్షల ఖాళీ మూలకాలు వేలాడుతూ ఉంటాయి. ముడి ప్రవాహాన్ని వాడుతున్నారు కాబట్టి జిప్ విప్పమని విడిగా చెప్పాలన్నది మరచిపోవద్దు.

ఇంత చేశాక కూడా పని లేనప్పుడు మెమరీ పూర్తిగా దిగకపోతే కంగారుపడకండి. అనేక థ్రెడ్లు ఉన్న ప్రోగ్రాంలో లినక్స్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ మెమరీని వేర్వేరు గదులుగా నిర్వహిస్తుంది. 64 బిట్ యంత్రాల్లో ప్రాసెసర్ కోర్‌కు 8 దాకా గదులు కట్టుకోవచ్చు, విడుదలైనదంతా వెంటనే తిరిగి ఇవ్వదు. ఆ గదులకు హద్దు పెట్టే మాలక్ ఎరీనా మాక్స్‌ను 2 చేసి ఒకసారి నడిపి చూడండి. అంకె గణనీయంగా దిగితే అది లీక్ కాదని తేలినట్టే.

ప్రశ్న: మా అభ్యర్థనల్లో పేర్లు, చిరునామాలు తెలుగులో ఉంటాయి. పరీక్ష డేటాలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో నింపిన నకిలీ పేర్లు పెట్టాం. పరిమాణం దాదాపు సమానమే. తేడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంటుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే.

"తెలుగు" అన్న మాటనే తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిపి 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు, కాబట్టి తీగ మీద 18 బైట్లు వెళ్లాలి. కానీ సమాచారాన్ని టెక్స్ట్‌గా రాసే పైథాన్ జేసన్ మాడ్యూల్‌ను దాని మానాన వదిలేస్తే ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాల పాత పట్టిక) కాని ప్రతి సంకేతాన్నీ వెనక గీత, యూ, నాలుగు అంకెల రూపంలో రాస్తుంది, అంటే ఒక్కోటి 6 బైట్లు. "తెలుగు" 36 బైట్లయింది. రిక్వెస్ట్స్‌కు పైథాన్ నిఘంటువును (డిక్ట్) జేసన్‌గా పంపమని ఇస్తే ఈ 36 బైట్ల రూపమే వెళ్తుంది. హెచ్‌టీటీపీఎక్స్ కూడా మొదట అలాగే పంపేది. 2024 చివర్లో వచ్చిన 0.28 వెర్షన్ నుంచి నేరుగా యూటీఎఫ్-8లో, మధ్య ఖాళీలు కూడా తీసేసి పంపుతోంది. అదే పేరు, అదే చిరునామా, రెండు లైబ్రరీలు పంపేది వేర్వేరు పరిమాణాలు. మీ ఇంగ్లిష్ నకిలీ పేర్లతో ఈ తేడా అసలు బయటపడదు. సర్వర్‌కు చేరాక రెండూ ఒకే అర్థం ఇస్తాయి కనుక ఎవరూ ఫిర్యాదూ చేయరు.

జవాబు వైపు ఇంకా విచిత్రంగా ఉంటుంది. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఒక స్ట్రింగ్‌లో ఉన్న అతి పెద్ద సంకేతాన్ని బట్టి మొత్తం స్ట్రింగ్‌కు అక్షరానికి 1, 2 లేదా 4 బైట్ల చొప్పున కేటాయిస్తారు. లక్ష ఇంగ్లిష్ అక్షరాల జవాబు స్ట్రింగ్‌గా మారితే దాదాపు లక్ష బైట్లు. అందులో ఎక్కడో మూల ఒక్క "అ" ఉంటే మొత్తం రెండు లక్షలు. ఆ చిరునామా చివర ఎవరో సరదాకు ఒక ఎమోజీ పెడితే నాలుగు లక్షలు. జావాలోనూ 9వ వెర్షన్ నుంచి ఇలాంటిదే: లాటిన్ అక్షరాలకు ఒక బైటు, ఒక్క తెలుగు అక్షరం దూరినా ఆ స్ట్రింగ్ మొత్తానికి రెండు. నకిలీ పేర్లతో కొలిచి కంటైనర్‌కు మెమరీ హద్దు పెట్టేవారు, అసలు డేటా వచ్చాక స్ట్రింగుల భాగం రెట్టింపవడం చూసి ఆశ్చర్యపోతారు.

ఇంకో ఉచ్చు ఉంది. జవాబు హెడర్‌లో ఏ లిపి సంకేతమో సర్వర్ చెప్పకపోతే రిక్వెస్ట్స్ ఏం చేస్తుందన్నది జవాబు రకాన్ని బట్టి ఉంటుంది. టెక్స్ట్ రకం ఎక్స్ఎంఎల్ అయితే పాత లాటిన్ సంకేతంగా భావిస్తుంది: "తెలుగు" 18 గజిబిజి అక్షరాలవుతుంది, వేగం మాత్రం బ్రహ్మాండం. సోప్ 1.2 రకం అయితే మొత్తం బైట్లను పరిశీలించి ఊహించడానికి కూర్చుంటుంది. పెద్ద జవాబుకు ఆ ఊహ ఖర్చు అసలు పనిని మించిపోగలదు. టెక్స్ట్ అడగకుండా కంటెంట్ బైట్లను నేరుగా ఎక్స్ఎంఎల్ విప్పే కోడ్‌కు ఇవ్వండి, తన సంకేతం ఏమిటో ఎక్స్ఎంఎల్ మొదటి వరుసలోనే చెప్పుకోగలదు.

పరీక్ష డేటాకు అసలు మనుషుల వివరాలు వాడకండి. ఊళ్ల పేర్లు, పూల పేర్లు, నెలల పేర్లు కలిపి తెలుగులో నింపండి. పొడవు, తెలుగు-ఇంగ్లిష్ పాళ్లు మీ అసలు డేటాకు దగ్గరగా ఉంటే చాలు.

ప్రశ్న: చిన్న పోస్ట్ అభ్యర్థన ఏది పంపినా కచ్చితంగా 40 మిల్లీసెకన్లు అదనం. ఒకే యంత్రం లోపల కూడా! క్లయింట్ కోడ్ మేమే సాకెట్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ముడి కనెక్షన్) మీద రాసుకున్నాం.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 40 అన్న అంకె చూడగానే అర్థమైంది. మీరు హెడర్లను ఒకసారి, బాడీని ఇంకోసారి రాస్తున్నారు. మొదటి ముక్కకు రసీదు వచ్చేదాకా రెండో చిన్న ముక్కను పట్టి ఉంచమంటుంది 1984 నాటి నేగిల్ పద్ధతి. రసీదును కాస్త ఆగి పంపుదామని అవతలి లినక్స్ 40 మిల్లీసెకన్లు కూర్చుంటుంది. ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తున్నారు. రెండింటినీ కలిపి ఒకేసారి రాయండి, లేదా సాకెట్‌కు ఇలా పట్టి ఉంచడాన్ని మానిపించే టీసీపీ నోడిలే పెట్టండి. పేరున్న లైబ్రరీలు ఈ పని చేసే ఉంచాయి. సొంతంగా రాసుకోవడంలో సంతోషం ఉంది, కాదనను. కానీ మీ కొలతల పట్టికలో ఆ 40ని సర్వర్ ఖాతాలో వేశారు, అది తీసేయండి.

ప్రశ్న: జేమీటర్ అనే పనిముట్టుతో చేసే మా లోడ్ పరీక్షలో 99వ పర్సంటైల్ (వందలో 99 పిలుపులు ఎంతలోపు ముగిశాయో చెప్పే అంకె) అద్భుతంగా వస్తుంది. వినియోగదారులు మాత్రం ఆగిపోయిందని ఫోన్లు చేస్తున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక టెస్టర్, డాలస్, అమెరికా

జవాబు: ఫోన్ చేసినవారిని.

మీ పరీక్ష ఒక పిలుపుకు జవాబు వచ్చాకే తర్వాతి పిలుపు పంపే రకం. సెకనుకు 100 చొప్పున 100 సెకన్లు నడపాలని అనుకున్నారు, మధ్యలో సర్వర్ 10 సెకన్లు బిగుసుకుపోయిందనుకుందాం. మీ పరీక్ష కూడా ఆ 10 సెకన్లు నోరు మూసుకుని ఒకే ఒక్క చెడ్డ పిలుపు రాసుకుంటుంది. 9,000 మంచివి, 1 చెడ్డది: పర్సంటైల్ నిగనిగలాడుతుంది. బయటి జనం మాత్రం మీ సర్వర్ బిగుసుకుందని ఆగరు కదా. ఆ 10 సెకన్లలో రావాల్సిన 1,000 పిలుపులూ దెబ్బతిన్నాయి, అంటే పదింట ఒకటి. టికెట్ కౌంటర్ మూసి ఉన్నంతసేపు వరుసలో ఉన్నవారిని లెక్కపెట్టకుండా, తెరిచాక వచ్చినవారినే సగటు వేసినట్టుంటుంది.

జిల్ టెనే అనే ఇంజనీరు ఈ లోపానికి ఒక పేరు పెట్టి, దాన్ని సరిదిద్దే డబ్ల్యూఆర్‌కే2 అనే పనిముట్టును, హెచ్‌డీఆర్ హిస్టోగ్రామ్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. సూత్రం సులువు: పిలుపు నిజంగా వెళ్లిన క్షణం నుంచి కాకుండా, వెళ్లాల్సిన క్షణం నుంచి లెక్కించాలి. జేమీటర్‌లోనే కొనసాగాలంటే థ్రెడ్లు ఎక్కువ పెట్టి, జవాబుతో సంబంధం లేకుండా నిర్ణీత రేటుతో పంపేలా అమర్చండి. క్లయింట్ లైబ్రరీలను పోల్చేటప్పుడు కూడా ఇదే చేయాలి, ఎందుకంటే కనెక్షన్ల గుంపు నిండిపోయినప్పుడు ఒక లైబ్రరీ వరుసలో నిలబెడుతుంది, ఇంకోటి లోపం విసిరేస్తుంది. బాగా నడిచే రోజున రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రశ్న: పైథాన్‌లో సమయం కొలిచే టైమ్ఇట్‌తో కొలిస్తే సరిపోదా? ఇంత గొడవ ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చిన్న ఫంక్షన్లకు సరిపోతుంది. కానీ పైథాన్ టైమ్ఇట్ కొలుస్తున్నంతసేపు చెత్త సేకరణను ఆపేసి ఉంచుతుంది, మీరు ఆపవద్దని చెబితే తప్ప. పిలుపు పిలుపుకూ వేల ఆబ్జెక్టులు కట్టి పారేసే లైబ్రరీకి అది ఉచితంగా దక్కిన బహుమతి. సెటప్ భాగంలో జీసీ ఎనేబుల్ అని ఒక వరుస పెట్టి మళ్లీ నడపండి. ఫలితాలు మారితే, మారిన ఆ తేడానే నాకు రాసి పంపండి. లైబ్రరీ వెర్షన్, పైథాన్ వెర్షన్ రాయకుండా వచ్చిన ఉత్తరాలకు జవాబు ఇవ్వను.